కుడివైపు పుట

పుష్పలీలకు సవతి ఉందంటే బేసింగ్‌స్టోక్‌లో ఒక్క తెలుగువాడూ నమ్మడు. మొగిలయ్య అలాంటివాడు కాదు మరి. ఆఫీసు నుంచి ఇల్లు, ఇంటి నుంచి ఆఫీసు. పరాయి ఆడదాన్ని తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఆ మాటకొస్తే ఇంట్లో ఉన్న ఆడదాన్ని కూడా పెద్దగా చూసినట్లు లేదు. అయినా సవతి ఉంది. రెండు వందల ఏళ్ళ కిందట చైనాలో ఎక్కడో పుట్టి, అక్కడే చచ్చిన ఒక ముసలి పండితుడు! పుష్పలీల ఆయనకు చైనా పంతులని పేరు పెట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పంతులుతో ఒకే కప్పు కింద కాపురం చేసింది. ఇప్పుడు మొగుడు కేర్ హోమ్‌లో ఉన్నాడు, పంతులు మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. అదీ ఆమె ఖర్మ.

సోమవారం కేర్ హోమ్‌కు వెళ్ళినప్పుడు ప్రణీత ఆమె చేతిలో ఒక నీలం అట్ట పుస్తకం పెట్టింది. ప్రణీత గుంటూరు పిల్ల. మాస్టర్స్ చదువుతూ, వారానికి ఇరవై గంటలు ఆ హోమ్‌లో పనిచేస్తోంది. నలభై మంది ముసలివాళ్ళలో మొగిలయ్య ఒక్కడే తెలుగువాడు. జబ్బు ముదిరిన కొద్దీ ఆయనకు ముందు ఇంగ్లీషు పోయింది. పాతికేళ్ళకు పైగా ఆఫీసులో మాట్లాడిన భాష, గోడ మీది సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. ఇప్పుడు ప్రణీత డ్యూటీలో ఉన్న గంటల్లోనే ఆయన నోరు విప్పుతాడు. మిగతా వేళల్లో ఎవరు అన్నం తినిపించబోయినా చెయ్యి నెట్టేస్తాడు.

"ఆంటీ, ఇది అంకుల్ లైఫ్ స్టోరీ బుక్ అండీ. శుక్రవారం రివ్యూ మీటింగుంది, ఆలోపు నింపి ఇవ్వాలి," అంది ప్రణీత. "ఇందులో ఉన్నదాన్ని బట్టే మావాళ్ళు అంకుల్‌తో మాట్లాడతారు. ఇప్పుడేం మాట్లాడినా తల తిప్పేసుకుంటున్నారు కదా."

"నింపుతా బిడ్డా. ఊరు, పేరు, కొలువు, తిండి, అన్నీ నాకెర్కనే గదా."

"అవి కాదాంటీ, ఇదిగో ఈ పేజీ. నాకు సంతోషం కలిగించిన రోజులు, నా మాటల్లో అని ఉంది. అంకుల్ మాటల్లోనే ఉండాలంట. ఆయన రాసిన ఉత్తరాలు గానీ, డైరీలు గానీ ఉన్నాయా?"

పుష్పలీల పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది. "అరవై ఒక్క నోట్‌బుక్కులున్నయ్," అంది.

"అయ్య బాబోయ్! ఇంకేం కావాలాంటీ?"

ఇంకేం కావాలో పుష్పలీలకు తెలుసు, ప్రణీతకు తెలియదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న మొగిలయ్య ఆమె వైపు మర్యాదగా చూసి, "మేడం, మీరెవలి కోసం వచ్చిన్రు?" అని అడిగాడు. రోజూ అడిగే ప్రశ్నే. ముప్పై ఎనిమిదేళ్ళ పెళ్ళి. ఈ మనిషి తనను ఏనాడైనా చూశాడా, చూస్తే ఏమనుకున్నాడు? నోటితో ఎన్నడూ చెప్పలేదు, ఇక చెప్పలేడు. ఏమైనా ఉంటే ఆ అరవై ఒక్క పుస్తకాల్లోనే ఉండాలి. ఒక్క వాక్యం దొరికితే చాలు, నీలం పుస్తకంలో ఎక్కించి, ఆయనకే చదివి వినిపించాలి. 'ఇగో, ఇది నువ్వు రాసినవ్, ఈమె నేనే' అని చెప్పాలి. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ ఆమె కోరుకున్నది అదొక్కటే.

మొగిలయ్యది జనగామ పక్క పల్లె. తెలుగు ఎమ్మే చదవాలని ఆశ. తండ్రి ఒప్పుకోక బీయస్సీలో వేశాడు. తర్వాత హైదరాబాదులో కంప్యూటర్ కొలువు. రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని లోకమంతా గగ్గోలు పెట్టిన రోజుల్లో, బేసింగ్‌స్టోక్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఆయన్ను పిలిపించుకుంది. అలా తొంభై ఏడులో ఇంగ్లీషువాళ్ళ దేశానికి, అడుగడుగునా గుండ్రటి కూడళ్ళుండే ఈ రౌండబౌట్ల ఊరికి వచ్చి పడ్డారు. కంప్యూటర్లు ఏ తేదీనీ మరిచిపోలేదు. మరిచిపోయింది ఆయనే, అదీ చాలా ఏళ్ళ తర్వాత.

వచ్చిన ఏడాదే నవంబరులో, వానపడుతున్న ఒక శనివారం, టౌన్ సెంటర్‌లో పాత సామాన్లు అమ్మే ఛారిటీ షాపులో చలికోట్లు వెతుక్కుంటుంటే ఆయన పుస్తకాల అర దగ్గర ఆగిపోయాడు. కోట్లు కొనలేదు. గోధుమరంగు అట్టలున్న రెండు లావుపాటి పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చాడు. ఎవరో పాత మిషనరీ ఇంగ్లీషులోకి మార్చిన చైనా పండితుడి రాతలు. అందులో కథ లేదు, వరస లేదు. విన్నవీ కన్నవీ, దయ్యాలూ నక్కలూ, పంటినొప్పి మందులూ, వరదలూ, పక్కింటివాడి పిచ్చి చేష్టలూ, తోచినప్పుడల్లా ఒక ముక్క రాసి పెట్టుకున్నాడా మహానుభావుడు. మూడు వందల పన్నెండు ముక్కలు.

ఆ సాయంత్రం మొగిలయ్య ముఖం వెలిగిపోయింది. ఎన్నడూ లేనిది తానై మాట కలిపాడు. "గీ పంతులు సర్కారు పరీక్షకు తొమ్మిదిసార్లు కూసున్నడంట. తొమ్మిదిసార్లూ తప్పిండంట. ఇగ ఇంట్ల కూసొని గిట్ల రాసుకున్నడు."

పుష్పలీలకు నవ్వొచ్చింది. "తొమ్మిదిసార్లు తప్పినోని ముచ్చట్లు మనకెందుకయ్యా? పోయి ఆ కోటన్న కొనుక్కోకపోతివి?"

అంతే. ఆ ముఖం మూసుకుపోయింది. పుస్తకం గురించి మళ్ళీ ఒక్క మాట ఆమెతో అనలేదు. నవ్వకుండా ఉండాల్సింది, నవ్వేసింది. ఆ నవ్వును తలుచుకుని ఆమె ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో లెక్కలేదు.

ఆ మర్నాటి నుంచి మొదలైంది ఆయన యజ్ఞం. ఆరున్నరకు అన్నం, ఏడింటికి పై గదిలోకి. గోడ వైపు తిప్పిన బల్ల, తలుపు దగ్గరికి వేసి ఉండేది. నోట్‌బుక్కులు ఎవరు తెచ్చేవాళ్ళనుకున్నారు? పుష్పలీలే. ఏటా ఆగస్టులో, పిల్లల స్కూళ్ళు తెరిచే ముందు, గీతలు దగ్గర దగ్గరగా ఉన్నవే ఏరి ఏరి తెచ్చి బల్ల మీద పెట్టేది. స్కూల్ కిచెన్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. సాయంత్రానికి చేతులు నొప్పి, కాళ్ళు నొప్పి. అయినా ఆ గది దుమ్ము దులపని వారం లేదు. దులిపింది కానీ ఒక్క పుస్తకమూ తెరవలేదు. ఆయన చూపించాలి గానీ తాను దొంగతనంగా చూడడమేమిటి? అదీ పంతం.

ఆ పంతాన్ని ఇన్నేళ్ళు నిలబెట్టింది ఒకే ఒక్క మాట. రెండువేల పదిలో ఉగాదికి కమ్యూనిటీ హాలులో తెలుగువాళ్ళంతా కలిశారు. ఎవరో అడిగారు, "ఏమన్నా, రోజూ ఏందో రాస్తవంటగదా, ఏం రాస్తవ్?" అని. మొగిలయ్య ప్లేటులోంచి తలెత్తకుండా, "ఏమున్నది, ఇంటి సంగతులే," అన్నాడు. పులిహోర గిన్నె పట్టుకుని వెనకే నిలబడ్డ పుష్పలీల చెవిన ఆ మాట పడింది. ఇంటి సంగతులు! అంటే ఆ గదిలో ఒక్క చైనా పంతులే లేడన్నమాట, తానూ ఉందన్నమాట. నలుగురి ముందు ముసిముసిగా నవ్వుకుంటూ పులిహోర అందరికీ రెండేసి గరిటెలు వడ్డించింది. చెప్పొద్దూ, ఆ ఒక్క మాట మీద ఆమె పదిహేనేళ్ళు బతికింది.

నాలుగేళ్ళ కిందట ఒకనాడు ఆయన కారులో ఒకే రౌండబౌట్ చుట్టూ ఆగకుండా తిరిగాడు. పక్కన కూర్చున్న పుష్పలీల, "ఏందయ్యా, ఏ దారి?" అంటే, "ఏ దారని నన్నడుగుతవేంది?" అని గయ్యిమన్నాడు. తర్వాత జీపీ డాక్టరు, తర్వాత మెమరీ క్లినిక్, తర్వాత తాళాలు ఫ్రిజ్‌లో దొరకడం, తర్వాత పుష్పలీల 'మేడం' అయిపోవడం. ఒకనాడు పొద్దున్నే చొక్కా గుండీలు వరసగా పెట్టుకుని, "మేడం, ఇగ మా ఇంటికి పోతా, మావోళ్ళు ఎదురుచూస్తుంటరు," అని వీధిలోకి నడిచాడు. ఫిబ్రవరి చలి. లారీలు తిరిగే పెద్ద రోడ్డు పక్కన పోలీసులకు దొరికాడు. ఆ నెలలోనే కేర్ హోమ్.

మంగళవారం పొద్దున పుష్పలీల స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, పై గదిలోకి వెళ్ళింది. ఏదో పరీక్ష రాయబోయే పిల్లలా చేతులు కొంగుకు తుడుచుకుంది. చేతికందిన నోట్‌బుక్కు తెరిచింది.

ఎడమవైపు పుటలో చైనా పంతులు. కుడివైపు పుటలో తేదీ, దాని కింద మొగిలయ్య సొంత రాత. ప్రతి పుస్తకమూ అంతే. రోజుకొక ముక్క పంతులుది తెలుగులోకి తెచ్చి, ఎదురుగా ఆనాటి ముచ్చట తనదొకటి పెట్టాడు. పంతులు అయిపోతే మళ్ళీ మొదటి నుంచి దిద్దుకుంటూ వచ్చాడు. కుడివైపు మాత్రం ఏ రోజుదారోజు. తేదీలు చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇంటి సంగతులంటే ఇవే!

వరసగా చదివే ఓపిక ఎవరికుంది? ముందు తన రోజులు వెతుక్కుంది. తొంభై ఎనిమిది, ఆగస్టు పదహారు. పెళ్ళయిన పదకొండేళ్ళకు, ఎన్ని మొక్కులకో, నిఖిత పుట్టిన రోజు. పద్దెనిమిది గంటల నొప్పులు. పుటలో ఇలా ఉంది: 'తెల్లవారుజామున ఆసుపత్రి కార్ పార్కులో నక్కను చూశాను. తోక చివర తెలుపు. నన్ను చూసి పారిపోలేదు. చైనా నక్కలు మనిషి రూపం ఎత్తుతాయట. ఈ దేశపు నక్కకు ఆ అవసరం ఉన్నట్లు లేదు.'

పుట తిప్పింది. పదిహేడో తేదీ. ఏదో వాన సంగతి. వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకు తిప్పింది. బిడ్డ లేదు. తల్లి లేదు. నక్క ఉంది.

"నీ నక్క మీద మన్నువడ!" అని ఖాళీ గదిలో పైకే అంది. తర్వాత తనే సర్ది చెప్పుకుంది. కంగారులో ఉండి ఉంటాడు, మగవాళ్ళకు ఆసుపత్రి అంటే భయం కదా, ఇంకోచోట రాసి ఉంటాడు. వేరే పుస్తకాలు దించింది. రెండువేల మూడు మార్చి. తన అమ్మ పోయిందని జనగామ నుంచి ఫోన్ వచ్చిన రోజు. వీసా కాగితాలు ఆఫీసులో ఇరుక్కుని పోలేకపోయిన రోజు. వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన రోజు. ఆ రోజు పుటలో రెండే వాక్యాలున్నాయి: 'ఇంట్లో ఏడుపు. ఒకటిన్నర పుటే సాగింది.'

ఎవరి ఏడుపో రాయలేదు. ఎందుకో రాయలేదు. పని తగ్గిందని రాశాడు! అరికాలి మంట నెత్తికెక్కింది పుష్పలీలకు. ఆ పుస్తకాన్ని గోడకేసి కొట్టింది. కొట్టాక భయమేసి మళ్ళీ తీసి, నలిగిన మూల చేత్తో సాపు చేసింది. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు ఊరికే పోతుందా?

బుధవారమంతా చదివింది. కూర మాడింది. అయినా చదివింది. అన్నిటికన్నా కడుపు మండించింది ఏమిటంటే, రాత బాగుంది. ఎంత బాగుందో చెప్పలేం. పక్కింటి ముసలాయన ఏటా కంచెకు రంగు వేస్తూ, చనిపోయిన కుక్క పడుకునే చోటు వదిలేసి మిగతాదంతా వేస్తాడని రాశాడు. ఈలవేసే బస్సు డ్రైవరు పెళ్ళాం ఆసుపత్రిలో ఉన్న నెలంతా ఈల వేయలేదని రాశాడు. ఈ మనిషికి కళ్ళు లేవని ఇన్నాళ్ళూ అనుకుంది. కళ్ళున్నాయి! ఊళ్ళో వాళ్ళందరి కోసం ఉన్నాయి. బాయిలర్ ఎప్పుడు మొరాయించిందో ఉంది, చూరు కింది గట్టర్‌లో ఏ చెట్టు ఆకులు పడ్డాయో ఉంది. 'నేడు చేమగడ్డ పులుసు కుదిరింది' అని ఒకచోట ఉంది. ఎవరు వండారు? పులుసు దానంతటదే పొయ్యెక్కి, ఉడికి, దిగి వచ్చి ఆయన కంచంలో పడిందా? ఇంటి సంగతులన్నాడు కదా, నిజమే అన్నాడు. అన్నీ ఇంటి సంగతులే. ఇల్లుంది, ఇల్లాలు లేదు.

గురువారం మధ్యాహ్నానికి మొట్టమొదటి నోట్‌బుక్కు దొరికింది, అర వెనక పడిపోయి ఉంది. అందులో చైనా పంతులు ముందుమాట ఉంది. రాసేవాడు పాటించాల్సిన కట్టుబాట్లు చెబుతున్నాడాయన. విన్న ముచ్చట అయితే చెప్పినవాడి పేరు రాయాలట. పగతో కలం పట్టకూడదట. ఆ కింద: 'లోగిట్లో ఆడవారి సంగతి పుటలోకి రాకూడదు. భార్యాబిడ్డల గురించి రాసుకునేవాడు పండితుడు కాడు, సంసారి.'

దాని పక్కన ఎర్ర ఇంకుతో, మొగిలయ్య సొంత దస్తూరీలో, 'మంచి మాట' అని ఉంది.

పుష్పలీల ఆ రెండు మాటలు చాలాసేపు చూసింది. పొరపాటున మరిచిపోయాడనుకుంటే క్షమించవచ్చు. చూడలేదనుకున్నా క్షమించవచ్చు. ఆయన మరిచిపోలేదు, వదిలేశాడు. ఆ చచ్చిన పంతులు ఎప్పుడో తన ఊరి ఆచారం కొద్దీ పెట్టుకున్న నియమాన్ని, జనగామ మనిషి బేసింగ్‌స్టోక్‌లో కూర్చుని కలం పట్టినన్నాళ్ళూ ఒక్క రోజు తప్పకుండా పాటించాడు. పరీక్ష తప్పినవాడి మాటకు అంత విలువ! రోజూ ఎదురుగా అన్నం పెట్టిన మనిషిని పుటలోకి రానీయకుండా ఎంత శ్రద్ధగా కాపలా కాశాడో తలుచుకుంటే ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. నిఖిత. లీసెస్టర్‌లో ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తుంది. తల్లి తెలుగులో మాట్లాడితే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. తెలుగు చదవడం రాదు.

"మమ్, ఆర్ యూ స్టిల్ రీడింగ్ డాడ్స్ నోట్‌బుక్స్? యామ్ ఐ ఇన్ దెమ్?"

ఆ గొంతులో చిన్నప్పటి నిఖిత వినిపించింది, పై గది తలుపు బయట బొమ్మలతో ఆడుకుంటూ నాన్న ఎప్పుడు వస్తాడా అని చూసిన పిల్ల.

"ఉన్నవ్ బిడ్డా. పుట్టిన దినమే రాసిండు," అంది పుష్పలీల.

"రియల్లీ? వాట్ డిడ్ హీ సే?"

"గంత చిన్న చేతులు ఎన్నడూ చూడలేదని రాసిండు. ఎత్తుకోవాల్నంటే భయమైందంట. పొద్దుగాల దాక నిన్నే చూసుకుంట కూసున్ననని రాసిండు."

అటువైపు ముక్కు చీదిన శబ్దం. "థాంక్యూ, మమ్," అంది నిఖిత, ఏడుస్తూనే. అబద్ధం అంత బాగా పనిచేస్తుందని పుష్పలీల అనుకోలేదు. బిడ్డ కోసం ఒకటి పుట్టించగలిగినప్పుడు, తన కోసం ఒకటి పుట్టించుకుంటే ఎవరికి నష్టం? రాసిన మనిషికి రాసిందేమిటో గుర్తు లేదు. చదవగలిగింది ఈ ఇంట్లో తానొక్కతే.

బల్ల ముందు కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. నోట్‌బుక్కు చివరి నుంచి ఒక తెల్ల కాగితం చించి, ఆయన కలమే తీసుకుంది. దేని గురించి రాయాలో వెతుక్కోనక్కరలేదు. రెండువేల తొమ్మిది, ఫిబ్రవరి రెండు. ఊరంతా మంచులో కూరుకుపోయి, కార్లు కదలక, ఆయన పొద్దున్నే ఆఫీసుకు నడిచి వెళ్ళిన రోజు. ఆనాటి అసలు పుట ముందే చూసుకుంది. 'ఆఫీసు ముందు మంచు మీద పిట్ట కాళ్ళ గుర్తులు. మూడు వేళ్ళు ముందుకు, ఒకటి వెనక్కి,' అని ఉంది. ఆ మంచు మీదే, ఆ పిట్ట పక్కనుంచే, ఆయనకు టిఫిన్ బాక్స్ పట్టుకుని తానూ నడిచి వచ్చింది. తన కాళ్ళ గుర్తులు ఆయనకు కనబడలేదు.

మూడు కాగితాలు చింపేసింది. మొదట రాసినప్పుడు మాటలు పొంగిపోయాయి, సంతోషం, ప్రేమ అని. ఆయన చచ్చినా అలా రాయడు. నాలుగోసారి ఆయనలాగే పొట్టి పొట్టి వాక్యాలు కూర్చింది: 'మంచు. బస్సులు లేవు. క్యాంటీన్ మూసేశారు. ఒంటిగంటకు రిసెప్షన్ నుంచి ఫోన్ వస్తే కిందికి దిగాను. పుష్పలీల. కాళ్ళకు స్కూల్ కిచెన్ బూట్లు. చేతిలో టిఫిన్ బాక్స్. మూడు మైళ్ళు నడిచిందట. పప్పు ఇంకా వెచ్చగా ఉంది. నా కోసం ఇంత దూరం ఎవరూ నడవలేదు.'

పైకి చదువుకుంది. బాగుంది. ముక్కుసూటిగా ఆయన రాసినట్లే ఉంది. చివరి వాక్యం తానే రాసిందని తెలిసీ, ఆయనే అన్నట్లు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. కాగితాన్ని ఆ తేదీ దగ్గర పుటల మధ్య పెట్టింది.

శుక్రవారం మీటింగు రెండింటికి. పుష్పలీల పన్నెండుకే వెళ్ళింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది, పైన కోటు. మొగిలయ్య కిటికీ దగ్గరే ఉన్నాడు. గడ్డం గీయించుకోలేదు.

"నమస్తే మేడం. ఎవలి కోసం?"

"మీ కోసమే. మీ రాతలు తెచ్చిన. వింటరా?"

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టింది. ముందు పక్కింటి కంచె ముచ్చట. సగంలో ఆయన కిటికీ నుంచి తల తిప్పాడు. గట్టర్ ముచ్చట చదువుతుంటే ఒకచోట ఆమె తడబడింది.

"పండుటాకులు," అన్నాడు మొగిలయ్య. "ఎండుటాకులు గాదు. సక్కగ చదువుండ్రి."

ఇన్ని నెలల్లో పుష్పలీల ఆయన నోట అంత నిండైన మాట వినలేదు. పక్క బెడ్డు సర్దుతున్న ప్రణీత పరుగున వచ్చింది. "ఆంటీ! అంకుల్ వింటున్నారు! చూడండి కళ్ళు ఎట్లా ఉన్నాయో!" అంటూ నీలం పుస్తకం తెరిచి, కలం పట్టుకుని పక్కన చతికిలబడింది. "చదవండాంటీ, ఆపమాకండి. నేను రాసేస్తాను."

పుష్పలీల ఫిబ్రవరి రెండు తీసింది. గొంతు సవరించుకుంది. తేదీ చదివింది, మంచు చదివింది. మొగిలయ్య తలాడించాడు. బస్సులు లేవంటే మళ్ళీ తలాడించాడు. క్యాంటీన్ మూసేశారంటే పెదవులు కదిలాయి, ఏదో గుర్తొస్తున్నట్లు. ఆమె ఒక్కొక్క అక్షరమూ విడదీసి చదివింది: "రిసెప్షన్ నుంచి ఫోన్ వస్తే కిందికి దిగాను. పుష్పలీల. కాళ్ళకు స్కూల్ కిచెన్ బూట్లు..."

"ఆగుండ్రి."

ఆయన నుదురు ముడిపడింది. చెయ్యి చాచాడు. ఆమె నోట్‌బుక్కు ఇచ్చింది. విడి కాగితాన్ని వేళ్ళతో తడిమి, వెలుతురుకు పట్టి చూశాడు. అక్షరాలు చదవగలిగాడో లేదో తెలియదు. కాగితాన్ని మాత్రం పుటల్లోంచి మెల్లగా లాగి, మడతపెట్టి, ఆమె ఒళ్ళో పెట్టాడు. కోపం లేదు. ఆఫీసులో తప్పు దిద్దే పెద్దమనిషిలా ఉన్నాడు.

"ఇది నాది గాదు."

"మీదే! మీరే రాసిన్రు. యాది చేసుకోండ్రి. ఆ దినం మంచు పడ్డది, నేను టిఫిన్ తెచ్చిన..." అంది పుష్పలీల.

"గాదు మేడం. ఆడమనిషి ఎట్లొచ్చింది దీంట్లకు? మేం రాయం గట్ల. నేను ఒక్కనాడు గూడ రాయలే." ఆ మాట అంటుంటే ఆయన ముఖంలో గర్వం. పేరు పోయింది, ఊరు పోయింది, కన్నబిడ్డ పోయింది, అదొక్కటి పోలేదు.

ప్రణీత కలం ఆగిపోయింది. సగం రాసిన పేజీ వైపు, పుష్పలీల ఒళ్ళోని కాగితం వైపు చూసి తల దించుకుంది. మొగిలయ్య ఆ పిల్ల వైపు వంగి, మేడం నొచ్చుకోకూడదన్నట్లు గొంతు తగ్గించాడు. తగ్గించినా వినబడుతూనే ఉంది.

"ఈమె మంచిగనే చదువుతది బిడ్డా. కని నడుమ నడుమ సొంతంగ కలుపుతది. జర చూస్తుండు."

తర్వాత వెనక్కి జారగిలబడి, చేతులు కట్టుకుని, ఇక చదవమన్నట్లు పుష్పలీల వైపు చూశాడు. ఆమె కాగితాన్ని కోటు జేబులో పెట్టుకుంది. నోట్‌బుక్కు అందుకుని తర్వాతి పుట తీసింది.

"ఇగ కలుపను సార్," అంది.